పదిహేడో ఎక్కం సొరుగు

నాకు చూపు పోయిందని చెబితే ఎవరైనా ముందు "అయ్యో" అంటారు. అనండి, కాదనను. కానీ ఒక్క అయ్యోతో సరిపెట్టుకుని మిగతాది కూడా వినండి. ఆ ఏడు వానాకాలంలో, పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళకు, మా ఇంట్లో మొట్టమొదటి అలమరా తయారైంది. నేను చెప్పేది దాని సంగతి.

మా ఆయన వడ్రంగి మేస్త్రి. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఏ ఇంటికి వెళ్ళినా తలుపో, బీరువానో, కనీసం ఒక పీటైనా ఆయన చేత్తో చేసింది ఉంటుంది. మా ఇంట్లో మాత్రం బియ్యం డబ్బాలో, పప్పులు సీసాల్లో, సీసాలు అట్టపెట్టెలో, బట్టలు ట్రంకుపెట్టెలో, ట్రంకుపెట్టె మంచం కింద. దీపం కిందే చీకటి అంటారే, అది మా ఇల్లే. అడిగినప్పుడల్లా "వచ్చే నెల చేస్తాలే" అనేవాడు. ఆ వచ్చే నెల ముప్ఫై ఏళ్ళు రాలేదు.

చూపు తగ్గుతోందని నాకు ఎప్పటినుంచో తెలుసు. ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉండేది, ఏడాదికేడాది ఆ గొట్టం సన్నబడేది. ఎవరికీ చెప్పలేదు. నేను పనిచేసే బడి వరండాలో బకెట్టు తన్నుకుని పడితే, దాన్ని దారిలో పెట్టినవాళ్ళను నోరారా తిట్టాను. పెట్టింది నేనే. మూడోసారి పడ్డాక ఆయన నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరమ్మ చాలాసేపు చూసి, లైటు ఆర్పి, కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చుంది. డాక్టర్లు కుర్చీ దగ్గరగా జరుపుకున్నారంటే మంచి కబురు కాదు.

"ఇన్నాళ్ళూ అంచుల నుంచి తగ్గుతూ వచ్చిందమ్మా. ఇప్పుడు మధ్యలోకి వచ్చింది. వానలు వెళ్ళేసరికి వెలుగుకీ నీడకీ తేడా తెలుస్తుంది. అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు."

"మందేమీ లేదా?" అన్నాడాయన.

"ఉంటే రాయకుండా ఉంటానా?"

బయటికి వచ్చేసరికి సన్నగా చినుకులు. గొడుగు మొత్తం నా మీదే పట్టి, తను తడుస్తూ నడిచాడు. సగం దారి వచ్చాక అడిగాడు.

"ఏమే, నీకేం కావాలో చెప్పు."

"ఏమడిగినా చేస్తావా?"

"ముందు అడుగు."

"నన్ను కూర్చోబెట్టకు."

"అంటే?"

"అంటే ఏముంది? ఉప్పు కావాలన్నా, దువ్వెన కావాలన్నా, 'కాస్త ఇలా అందిస్తావా' అని ఒకళ్ళని అడుక్కుంటూ మూల కూర్చునే బతుకు నాకొద్దు. నా ఇంట్లో నాకు కావలసింది నా చేత్తో నేను తీసుకోవాలి. అది చాలు."

ఆయన గొడుగు ఇంకాస్త నా వైపు వంచాడు, దాంతో నీళ్ళన్నీ నా చెప్పుల్లోకే కారాయి. నేను కసిరాను. ఆ కసురుతోనే ఇంటికి చేరాం.

ఇరవై ఆరేళ్ళు బడిలో ఆయాగా చేశాను. గంట కొట్టడం, గదులు ఊడవడం, బెంచీలు తుడవడం, ఏడ్చే పిల్లల ముక్కులు తుడవడం. ఇక మానేస్తానని చెప్పడానికి వెళితే పెద్ద టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

"నీకు ఏదైనా ఇవ్వాలని టీచర్లందరం కలిసి ఒక గోడ గడియారం కొన్నాం" అంది.

"గడియారమా! బాగుందమ్మా. మరి టైమెంతయిందో చెప్పడానికి రోజుకొకరు వంతులేసుకుని మా ఇంటికొస్తారా?"

ఆవిడ నాలుక కరుచుకుంది. నేను నవ్వేశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చేసేదే.

"పోనీ నీకేం కావాలో నువ్వే చెప్పు."

వరండా చివర పాత చెక్క బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బడికి కొత్తగా ఇనుప బెంచీలొచ్చాయి, వీటిని పొయ్యిలోకి ఇచ్చేస్తారని నాలుగు రోజులుగా వింటున్నాను. పదకొండు బెంచీలు. నాకు అప్పటికి వాటి ఆకారం మసక మసకగానే కనిపిస్తోంది.

"అవి ఇప్పించండి" అన్నాను.

"ఆ విరిగిపోయినవా! ఏం చేసుకుంటావు?"

"మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా వచ్చే నెల అనే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఇక నెలలు మిగల్లేదు."

బెంచీలు తోపుడుబండి మీద మూడు విడతలుగా వచ్చాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమే, బడి మొత్తం పీకి తెచ్చావా? ఇవి చెక్కలా, కుస్తీ పట్టిన చోటా? ఒక్క జానెడైనా గీత లేకుండా ఉందా?"

అది నిజం. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలు వాటి మీద కంపాసు ముళ్ళతో, బ్లేడు ముక్కలతో తమ పనితనం అంతా చూపించారు. నాకు అవన్నీ కంఠతా. రోజూ గుడ్డ పెట్టి తుడిచినదాన్ని. తెరచాప ఎత్తిన పడవ ఒకటి. లెక్కల మాస్టారి ముఖం ఒకటి, మీసాలు చెవులు దాటిపోయి ఉంటాయి. ఎవడో భూతద్దంతో ఎండ పట్టి కాల్చిన గుంట ఒకటి. సెలవులకు ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకుంటూ కోసిన నలభై ఒక్క గాట్లు. అన్నిటికన్నా గొప్పది పదిహేడో ఎక్కం. పరీక్షలో చూసి రాయడానికి ఎవడో ఒక మహానుభావుడు మొత్తం చెక్కేశాడు. పదిహేడు, ముప్ఫై నాలుగు, యాభై ఒకటి, అరవై ఎనిమిది, ఆ తర్వాత ఎనభై ఆరు. ఎనభై అయిదు ఉండాల్సిన చోట ఎనభై ఆరు! ఆ బెంచీ మీద కూర్చున్న ప్రతివాడూ ఏటేటా అదే తప్పు రాశాడు. మాస్టారికి ఎందుకో చచ్చినా అర్థం కాలేదు. నేను చెప్పలేదు. నా పని తుడవడం వరకే.

మేస్త్రి ఒక బెంచీ పక్కకు తిప్పి గోటితో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చేతివేళ్ళ కణుపులతో తట్టి విన్నాడు. గొంతు మారిపోయింది.

"టేకే ఇది. ఎన్నేళ్ళు ఆరిందో! ఇలాంటి చెక్క ఇక వంగదు, ఉబ్బదు, ముడుచుకోదు. పొయ్యిలో పెడతామన్నారా? చేతులెలా వచ్చాయి వాళ్ళకి?"

ఆ ఆదివారం మా అమ్మాయి వచ్చింది. ఒక్కగానొక్క కూతురు, మందుల షాపులో పనిచేస్తుంది, రెండు బస్సులు మారితే వాళ్ళ ఇల్లు. ముందు గదిలో పడి ఉన్న బెంచీలను, మంచం కింది పెట్టెలను, దిక్కుకొకటిగా ఉన్న డబ్బాలను చూసి కూలబడింది.

"నాన్నా, ఇల్లు పీకి పందిరేశావేంటి? అసలే అమ్మకి కనపడట్లేదు, అడుగడుక్కీ ఒక సామాను. ఇద్దరూ మా ఇంటికి వచ్చేయండి."

"అలమరా చేస్తున్నాడే" అన్నాను.

"అమ్మా, ఇన్నేళ్ళు చేయనిది ఇప్పుడు చేస్తాడా?"

నేను టీ పెడదామని లేచాను. చక్కెర డబ్బా అనుకుని పక్క డబ్బా మూత తీశాను. అమ్మాయి వెంటనే వచ్చి నా భుజాలు పట్టుకుంది.

"నువ్వు కూర్చోమ్మా. నేను పెడతా."

ఎంత ప్రేమగా అందంటే, చేతిలో ఉన్న డబ్బా మూత దానికే ఇచ్చేశాను. కూర్చున్నాను. నా వంటింట్లో నేను చుట్టంలా కూర్చుని టీ తాగడం అదే మొదలు. వెళ్ళేటప్పుడు అది తేల్చి చెప్పింది. వానలు తగ్గేదాకా చూస్తుంది. అప్పటికి నేను నా పనులు నేను చేసుకోగలిగితే సరే, లేకపోతే ఈ ఇల్లు ఖాళీ చేసి వాళ్ళింటికి వెళ్ళాలి. దాని తప్పేమీ లేదు. దాని స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని, ఇంకాస్త గట్టిగా అనేదాన్ని.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి నన్ను గోడ దగ్గర నిలబెట్టాడు.

"కళ్ళు మూసుకో."

"నాలుగు నెలలు ఆగు, మూసుకోమనే పనే ఉండదు."

"నోరు కూడా మూసుకో. చెయ్యి చాపు. వంగొద్దు, మునివేళ్ళ మీద లేవొద్దు. శ్రమ లేకుండా ఎక్కడిదాకా వెళుతుందో అక్కడిదాకా."

నా చెయ్యి ఆగిన చోట గోడ మీద పెన్సిలుతో గీత పెట్టాడు. మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో, మోకాలు ఎక్కడుందో, నిలబడితే ఎడమచెయ్యి ఎటు వాలుతుందో అన్నీ కొలిచాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూసి ఉండడు. అదే మాట అంటే, "అప్పుడు ఇంత నోరుందని తెలియదుగా, చూడాల్సింది అదే" అన్నాడు.

ఆ తర్వాత బెంచీలు విప్పాడు. పాత మేకులు ఒక్కొక్కటీ పటకారుతో లాగి డబ్బాలో వేస్తుంటే వాన చప్పుడులో ఆ చప్పుడు కలిసిపోయేది. పలకలన్నీ గోడకు ఆనించి పెట్టాడు. సాయంత్రాలు ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను వెళ్ళి ఆ పలకలను తడుముకునేదాన్ని. ఇదిగో పడవ, ఇదిగో మాస్టారి మీసం. అప్పటికి గొట్టం సూది బెజ్జమంత అయింది, కంటికన్నా వేలే నయం. మనసులోనే పంచుకోవడం మొదలుపెట్టాను. కాలిన గుంట ఉన్నదాంట్లో అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. పడవలో సూదీ దారం. మాస్టారి దగ్గర కత్తెర, ఆయన మనిషే అంత. నలభై ఒక్క గాట్ల దాంట్లో మందులు. పదిహేడో ఎక్కంలో మేస్త్రి కళ్ళద్దాలు, బిల్లులు, కాగితాలు, తప్పుల లెక్కలన్నీ ఒకచోట.

ఇదంతా ఆయనకు చెప్పానా? లేదు. చెప్పాల్సిన పనేముంది, చూస్తూనే ఉన్నాడుగా అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళు చేసే తప్పు ఇదే.

ఒకరోజు పలకలన్నీ పెరట్లోని రేకుల షెడ్డులోకి మోసుకుపోయి, గుమ్మానికి దుప్పటి కట్టేశాడు.

"అయ్యేదాకా ఇటు రావద్దు."

"ఏం, దాంట్లో ఏమైనా రహస్యమా?"

"నువ్వు ప్రతి చెక్కకూ ఒక వంక పెడతావు. పూర్తయ్యాక చూద్దువుగాని."

చూద్దువుగాని అన్న మాట తనకే తగిలిందేమో, కట్టిన దుప్పటి ముడినే మళ్ళీ బిగించాడు.

ఏడు వారాలు పట్టింది. బయటి పనులు మానుకున్నాడు. రోజంతా రంపం, చిత్రిక, ఉలి. ఒక మధ్యాహ్నం దుప్పటి పక్కనుంచి ఎండ పడి ఒక్క క్షణం ఆయన కనిపించాడు నాకు. చెవి మీద పెన్సిలు, కనుబొమ్మల మీద చెక్కపొట్టు, ఒక కన్ను మూసి పలక అంచును చూసుకుంటున్నాడు. పూర్తిగా, స్పష్టంగా నేను చూసిన ఆఖరి మనిషి ఆయనే. అది నా అదృష్టం. ఇంకెవరో దారిన పోయేవాడైనా కావచ్చు కదా.

అలమరా ముందు గదిలోకి వచ్చేనాటికి నాకు గదిలో కిటికీ ఎక్కడుందో మాత్రం తెలుస్తోంది. ఆయన నన్ను ముందు నిలబెట్టి, చేతిలో చిన్న దూది ఉండ పెట్టాడు.

"రాయి. ఎక్కడైనా సరే. ఒక్క పోగు పట్టుకుందంటే మేస్త్రి అనే పేరు వదిలేస్తా."

రాశాను. నీళ్ళ మీద రాసినట్టు జారిపోయింది. అంచులన్నీ నాకు తగలకుండా గుండ్రంగా చేశాడు. మూడేసి చొప్పున నాలుగు వరసలు, పన్నెండు సొరుగులు, కింద రెండు తలుపుల అర. అన్నీ సరిగ్గా నా చెయ్యి వాలే ఎత్తులోనే ఉన్నాయి. అన్నిటికీ ఒకే రకం ఇత్తడి పిడులు. ఒక సొరుగు వేలితో తాకితే చాలు, ఊపిరి వదిలినట్టు తెరుచుకుంటుంది.

నా చేతులు మాత్రం ఇంకోదాని కోసం వెతుకుతున్నాయి. పై వరస, కింది వరస, ఈ చివర, ఆ చివర.

"బెంచీల మీద గీతలుండాలి కదయ్యా?"

"అవా!" ఆయన గొంతులో గర్వం పొంగింది. "ఒక్కటి తగిలితే చెప్పు. పిల్లవెధవలు చేసిన ఛండాలమంతా మాయం చేశా. నీకు కొత్త చెక్కే ఉండాలి, ఇన్నాళ్ళు తుడిచిన మురికి కాదు."

ఏమనమంటారు? ముప్ఫై ఏళ్ళు అడిగితే వచ్చింది, ఏడు వారాలు కూలి మానుకుని చేసింది. నోరు తెరిస్తే ఆగనిదాన్ని, ఆరోజు మాత్రం కుక్కిన పేనులా ఉండిపోయాను. "చాలా బాగుంది" అన్నాను. లోపల ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులో సగం సంతోషమే, అబద్ధం చెప్పను.

ఇక లెక్కపెట్టుకోవడం మొదలైంది. పై నుంచి రెండో వరస, ఎడమ నుంచి మూడోది. స్థిమితంగా ఉన్నప్పుడు బాగానే ఉండేది. పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడో, ఎవరో తలుపు కొట్టినప్పుడో లెక్క తప్పేది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ పిడి, ఈ పిడి లాగేదాన్ని. ఒకసారి పళ్ళు తోముకునే పేస్టు అనుకుని ఆయన జిగురు ట్యూబు తీసి బ్రష్షు మీద వేశాను. వాసన వచ్చింది కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఆ రోజుతో మా ఇంట్లో గొడవలన్నీ తీరిపోయేవి.

ఇలా ఉండగా అమ్మాయి వచ్చింది. అలమరా చూసి "నాన్నా!" అని ఒక్క కేక పెట్టి, దాన్ని నిమిరి నిమిరి వదల్లేదు. ఆయన ఇంత ఎత్తయ్యాడు. అప్పుడే దాని చేతిసంచి దారం ఊడి వేలాడుతోందని, "అమ్మా, కత్తెర ఉందా?" అంది.

"ఎందుకుండదు, నేనిస్తా ఉండు" అని లేచాను.

మొదటి సొరుగులో కొవ్వొత్తులు. రెండోదాంట్లో చెంచాలు. ఇంకోటి లాగాను, మందులు. తండ్రీకూతుళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారని చూపు లేకపోయినా తెలుస్తుంది. నాలుగోది లాగాను. బొత్తాల డబ్బా కింద పడి బొత్తాలన్నీ గదంతా దొర్లాయి.

అమ్మాయి వచ్చి మెల్లగా నా చెయ్యి సొరుగు మీద నుంచి తీసింది.

"నువ్వు కూర్చోమ్మా. నేను తీసుకుంటా."

బొత్తాలు ఏరింది. కత్తెర వెతుక్కుంది. వెళ్ళేముందు గుమ్మంలో వాళ్ళ నాన్నతో గొంతు తగ్గించి చెప్పింది, నెలాఖరుకి ఇంట్లో ఒక గది సర్ది పెడతానని. చూపు పోయింది గానీ నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో చెప్పలేను, కూతురి మీద కాదు, ఆయన మీద కాదు. కోపం వస్తే నాకు తెలిసిన పని ఒకటే, తుడవడం. గుడ్డ తడిపి, పై వరస మొదటి సొరుగు మొత్తం బయటికి లాగి, నేల మీద పెట్టుకుని లోపల తుడవసాగాను. అడుగు తుడిచాను, పక్కలు తుడిచాను, ముందు పలక లోపలివైపు గుడ్డ పెట్టాను.

గుడ్డ పట్టుకుంది.

వేలు పెట్టాను. ఒకటి. ఏడు. దాని కింద మూడు, నాలుగు. ఇంకా కిందికి జరిపాను. ఎనిమిది, ఆరు.

ఎనభై ఆరు! చచ్చినా మారని ఎనభై ఆరు! నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వాను. ఆయన పెరట్లోంచి పరుగున వచ్చాడు, పిచ్చెక్కిందేమో అనుకుని ఉంటాడు.

"ఏమైందే?"

"వీళ్ళంతా లోపలున్నారేంటయ్యా?"

"ఎవరు?"

"పదిహేడో ఎక్కం."

"ఓ, అదా. గీతలన్నీ పోయేదాకా చిత్రిక పడితే సగం చెక్క పోతుంది. అంత మంచి టేకు, చేతులు రాలేదు. అందుకని పలక తిప్పి బిగించా. నునుపు బయటికి, గీతలు లోపలికి. సొరుగు లోపల ఎవరు చూస్తారులే అని."

నేను లేచి రెండో సొరుగు తెరిచి లోపలికి చెయ్యి పెట్టాను. "ఇది పడవ." మూడోది. "ఇవి నలభై ఒక్క గాట్లు, సెలవుల లెక్క." కింది వరస. "ఇదిగో కాలిన గుంట. ఇది మీసాల మాస్టారు." ఒక్కొక్కటీ తెరుస్తూ, తాకుతూ, పేరు చెబుతూ పన్నెండూ పూర్తి చేశాను. ఒక్కటి కూడా తడుముకోలేదు. అలా ఎంతసేపు ఆడుకున్నానో నాకే తెలియదు. వెనక నుంచి ఆయన మాట వినపడలేదు. వెళ్ళిపోయాడేమో అనుకున్నాను. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"జలుబు చేసింది" అన్నాడు.

"వానలు కదా" అన్నాను.

మర్నాడు కాఫీ కూడా తాగకముందే స్క్రూలు తిప్పే చప్పుడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"వానకి చెక్క ఉబ్బింది. సొరుగులు బిగుసుకుంటున్నాయి. సరిచేస్తున్నా."

ఇక వంగదు, ఉబ్బదు, ముడుచుకోదు అని పెద్ద ప్రవచనం చెప్పిన మనిషి! నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఒక్కొక్క పిడీ ఊడి డబ్బాలో పడుతోంది. పిడి ఊడిన చిల్లులో చెక్కముక్క పెట్టి సుత్తితో కొడుతున్నాడు. పలక ఊడుతోంది, తిరుగుతోంది, మళ్ళీ బిగుస్తోంది. మధ్యలో గుండ్రటి ఆకురాయి శబ్దం. చాలాసేపటికి పిలిచాడు.

"ఏమే, పడవ ఏ వరసలో ఉండాలి?"

అంతే అడిగాడు. నేను వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఏది ఎక్కడుండాలో నేను చెప్పాను, ఆయన బిగించాడు. మధ్యాహ్నం దాటేసరికి పన్నెండూ అయిపోయాయి. దూది తెచ్చి రాయమంటావా అని ఎగతాళి చేద్దామనుకుని, నోటిదాకా వచ్చింది మింగేశాను. ఆ నునుపు కోసం ఆయన ఎన్ని రోజులు వంగి పనిచేశాడో నాకు తెలుసు. ఇప్పుడది మొత్తం సొరుగు లోపలికి పోయింది, చూసే దిక్కు లేదు.

"నీ పనితనమంతా లోపలికి పోయిందయ్యా" అన్నాను.

"పోలేదు. చెయ్యి ఇటివ్వు."

పిడుల బదులు ప్రతి పలక పై అంచునా నాలుగు వేళ్ళు పట్టేంత గాడి కోశాడు. నా చెయ్యి తీసుకెళ్ళి అక్కడ పెట్టాడు. నాలుగు వేళ్ళూ అంచు మీదుగా లోపలికి వెళ్ళాయి, బొటనవేలు బయట సరిగ్గా పడవ తెరచాప మీద ఆగింది. బయట పిల్లవాడి గీత, లోపల మేస్త్రి నునుపు.

వానలు వెళ్ళిన మొదటి ఆదివారం అమ్మాయి ఖాళీ సంచులతో దిగింది, సామాను సర్దడానికి. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటి నాన్నా, అంత బాగా చేసి మళ్ళీ ఇలా పాడుచేశావు? ఈ గీతలేంటి?"

"పాతబడింది" అన్నాడాయన.

సంచుల మూతులు కట్టడానికి దానికి దారం కావలసి వచ్చింది. నన్ను అడగలేదు, తనే వెళ్ళి సొరుగులు లాగడం మొదలుపెట్టింది. చెంచాలు, మందులు, కాగితాలు. ఇంకోటి, ఇంకోటి. నేను కాసేపు విన్నాను. తర్వాత లేచి వెళ్ళి దాని భుజాలు పట్టుకుని పక్కకు జరిపాను.

"కళ్ళు పెట్టుకుని ఎంతసేపు వెతుకుతావే? నువ్వు కూర్చో. నేనిస్తా."

బొటనవేలితో పడవ తాకి, తెరిచి, దారం ఉండ తీసి దాని చేతిలో పెట్టాను. అడగకపోయినా మీసాల మాస్టారి దగ్గర నుంచి కత్తెర కూడా తీసి ఇచ్చాను. సొరుగులు మూశాను. అది కూర్చుని ఉంది, దారం చేతిలోనే ఉంది. లేచి అలమరా దగ్గరికి వచ్చి పలకలను ఒక్కొక్కటీ చూస్తోందని అడుగుల చప్పుడును బట్టి తెలిసింది. ఒకచోట ఆగింది.

"అమ్మా! ఇది... ఈ ఎక్కం..."

"ఏం?"

"అయిదో తరగతి పరీక్షలో నేను ఇది చూసే రాశా. ఎనభై ఆరు. నాకు ఒక మార్కు పోయింది. ఇప్పటికీ షాపులో పదిహేడు అయిదులు అనగానే నాకు ముందు ఎనభై ఆరే వస్తుంది."

"దొంగమొహమా! నీ కోసం ఆ బెంచీ రోజూ తుడిచింది నేను!"

ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అది నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. ఖాళీ సంచులు ఖాళీగానే తిరిగి వెళ్ళాయి. సర్ది పెట్టిన గది సంగతి ఆ రోజు ఎవరం ఎత్తలేదు, ఆ తర్వాత కూడా.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు మా ఇంట్లో అడుక్కునేది నేను కాదు, ఆయనే. "ఏమే, నా కళ్ళద్దాలెక్కడ? టేపు చూశావా? ఆ కాగితం ఎక్కడ పెట్టావు?" పొద్దున లేస్తే ఇదే పాట. అన్నీ నేనే తీసిస్తాను, ఇస్తూ నాలుగు చివాట్లు పెడతాను.

ఆయనకు ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పానా అంటే, లేదు. మా ఇద్దరి మధ్యా అలాంటి మాటలు నడవవు, అంటే కోపం వస్తుంది ఆయనకి. అందుకని రోజులో ఎప్పుడో ఒకప్పుడు, ఏ పనీ లేకుండానే, వెళ్ళి ఒక సొరుగు తెరుస్తాను. నాలుగు వేళ్ళు లోపలివైపు కాసేపు అలా ఉంచి మూసేస్తాను.

"ఏం కావాలే?" అంటాడు గదిలోంచి.

"ఏమీ అక్కర్లేదు" అంటాను.